కెపాసిటర్ మార్చే ముందు దాన్ని చంపిందెవరో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వడ్రంగి షెడ్డులో చిత్రిక పట్టే మిషను, దానికి 2 హెచ్‌పి సింగిల్ ఫేజ్ మోటారు. మూడు నెలల్లో రెండు స్టార్టింగ్ కెపాసిటర్లు పేలాయి, రెండూ 120–150 మైక్రోఫారడ్లవి (కెపాసిటర్ ఎంత చార్జి పట్టగలదో చెప్పే కొలత అది). మూడోది కొనడానికి వెళితే దుకాణదారు, "120–150 ఎందుకు, 200 మైక్రోఫారడ్లది వేయండి, గట్టిగా నిలబడుతుంది" అన్నాడు. వేయవచ్చా అని అడుగుతున్నారు. వేయకండి. ఎందుకో చివర్లో చెబుతాను, ఎందుకంటే మీరు అడగవలసిన ప్రశ్న అది కాదు.

ముప్పై ఏళ్లకు పైగా మోటార్లు విప్పి, చుట్టి, బిగించి బతికినవాణ్ణి. ఒక కెపాసిటర్ ఏడెనిమిదేళ్లు పనిచేసి పోయిందంటే వయసైపోయిందని కొత్తది వేస్తాను, అంతటితో మరిచిపోతాను. కొత్తగా వేసింది నెలన్నరకే పోయిందంటే మాత్రం కెపాసిటర్ వైపు చూడను. దాన్ని ఎవరో చంపారు. వాళ్లు ఇంకా మోటారులోనో, వైరులోనో, మిషను నడిపే మనిషి అలవాటులోనో ఉన్నారు. మీరు మూడోది వేసినా, ముప్పైయోది వేసినా వాళ్లు అక్కడే ఉంటారు.

ముందు కెపాసిటర్ చేసే పని ఏమిటో తేల్చుకుందాం. తిరగలి తిప్పిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పిడి పట్టుకొని సూటిగా ముందుకు తోసి సూటిగా వెనక్కు లాగితే రాయి తిరగదు, కొసల దగ్గర ఆగిపోతుంది. ఆ కొస దగ్గర పక్కనుంచి చిన్న తోపు పడితే గిర్రున తిరుగుతుంది. సింగిల్ ఫేజ్ కరెంటు రన్నింగ్ కాయిల్‌లో చేసేది ఆ ముందుకూ వెనక్కూ తోపే. పక్క తోపు స్టార్టింగ్ కాయిల్ ఇస్తుంది. ఆ తోపు సరైన క్షణంలో పడాలంటే స్టార్టింగ్ కాయిల్‌లోని కరెంటు, రన్నింగ్ కాయిల్‌లోని దానికంటే ముందుగా రావాలి. ఆ తేడా తెచ్చేది కెపాసిటర్. ఒకసారి వేగం అందుకున్నాక రోటరు, అంటే మోటారులో తిరిగే భాగం, తనంతట తాను తిరుగుతూ ఉంటుంది, పక్క తోపు లేకపోయినా ఆగదు.

మీ మోటారు మీద రెండు కెపాసిటర్లు ఉన్నాయని రాశారు. నల్లటి బేకలైట్ డబ్బాది స్టార్టింగ్ కెపాసిటర్. లోపల అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రావణంలో తడిపిన కాగితం ఉంటాయి. చిన్న డబ్బాలో ఎక్కువ మైక్రోఫారడ్లు ఇమిడిపోతాయి కానీ వేడికి తట్టుకోలేదు. పక్కన 36 మైక్రోఫారడ్లు అని రాసి ఉన్న అల్యూమినియం డబ్బా రన్నింగ్ కెపాసిటర్. అందులో ఉండేది పలచని పాలీప్రొపిలీన్ పొర. మోటారు తిరిగినంతసేపూ అది లైన్లోనే ఉంటుంది, రోజంతా నడిచినా దానికేమీ కాదు. స్టార్టింగ్ కెపాసిటర్ సంగతి వేరు. మోటారు పూర్తి వేగంలో ముప్పావు వంతుకు చేరగానే, అంటే 1440 చుట్ల మోటారు దాదాపు 1100 చుట్లు అందుకోగానే, లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ (వేగానికి బరువులు బయటికి విచ్చుకొని, ఒక బిళ్లను జరిపి, తనంతట తానే తెరుచుకునే స్విచ్) దాన్ని లైన్ నుంచి తప్పించాలి. ఆరోగ్యంగా ఉన్న మోటారులో ఇదంతా ఒక సెకను పని. సాధారణంగా స్టార్టింగ్ కెపాసిటర్‌ను గంటకు ఇరవై స్టార్టులు, ఒక్కొక్కటి మూడు సెకన్ల లెక్కన తయారు చేస్తారు. అంటే గంట మొత్తం మీద దాని ఓపిక ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని మీ మోటారు ఒకే విడతలో వాడేస్తోందేమో చూడాలి.

చూడడానికి ముందు ఒక జాగ్రత్త. స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకండి. చాలా షెడ్లలో వైరింగు చేసినవాళ్లు ఫేజు, న్యూట్రల్ అటూ ఇటూ చేసి ఉంటారు. స్విచ్ న్యూట్రల్‌ను తెంపుతుంది, మోటారులో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. తర్వాత కెపాసిటర్‌లో మిగిలిన చార్జి తీసేయాలి. మా కాలంలో స్క్రూడ్రైవరుతో రెండు టెర్మినళ్లూ కలిపి టప్పుమనిపించేవాళ్లం, అదొక మొనగాడితనం. ఆ దెబ్బకు టెర్మినల్ గుంట పడుతుంది, లోపలి రేకు అతుకు దెబ్బతింటుంది, నిప్పురవ్వ కంట్లో పడితే ఇక చెప్పేదేముంది. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బుకు రెండు వైర్లు కట్టి టెర్మినళ్లకు ఐదారు సెకన్లు తాకించండి. ఆ తర్వాత మీటరుతో వోల్టేజి సున్నా అయిందని చూసుకోండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి ఏ పరికరమూ అక్కరలేదు, చెవి చాలు. పాత కెపాసిటర్ విలువదే మరొకటి తాత్కాలికంగా కట్టి, బెల్టు తీసేసి మోటారు వేయండి. వేగం అందుకున్నాక కట్టేసి, అది నెమ్మదిస్తూ ఆగే దాకా దగ్గర నిలబడి వినండి. ఆగడానికి కాస్త ముందు లోపల "టక్" మని ఒక చప్పుడు రావాలి. సెంట్రిఫ్యూగల్ స్విచ్ తిరిగి మూసుకున్న చప్పుడు అది. ఆ టక్కు వినబడకపోతే స్విచ్ అసలు తెరుచుకోలేదేమోనని అనుమానించండి, వెంటనే మళ్లీ మోటారు వేయకండి. ఎవరి దగ్గరైనా టాంగ్ టెస్టర్ (వైరు తెంపకుండానే కరెంటు కొలిచే మీటరు) ఉంటే పని ఇంకా తేలిక. స్టార్టింగ్ కెపాసిటర్‌కు వెళ్లే వైరు చుట్టూ పట్టండి. మోటారు వేసిన క్షణంలో కరెంటు ఎగిరి, సెకనులో సున్నాకు పడాలి. రెండు మూడు సెకన్లయినా పడలేదంటే హంతకుడు దొరికినట్టే.

వడ్రంగి షెడ్డులో ఈ స్విచ్ చెడడానికి మొదటి కారణం రంపపు పొట్టు. గాలి రంధ్రాలున్న మోటారు అయితే సన్నటి పొట్టు లోపలికి పోయి, బేరింగు గ్రీజుతో కలిసి, స్విచ్ బిళ్ల జారే చోట జిగురులా పట్టుకుంటుంది. వెనక ఫ్యాను కవరు, ఫ్యాను, ఎండ్ కవరు ఇప్పాలి. ఇప్పే ముందు కవరు మీద, బాడీ మీద ఎదురెదురుగా ఒక గుర్తు కొట్టుకోండి, లేకపోతే బిగించేటప్పుడు షాఫ్టు పట్టేస్తుంది. పొట్టు ఊది, బరువుల స్ప్రింగులు రెండూ సమానంగా లాగుతున్నాయో లేదో చూడండి. కాంటాక్టులు నల్లబడి ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో రుద్దవచ్చు. గుంటలు పడి, ఒకదానికొకటి అతుక్కున్న మచ్చలు కనిపిస్తే రుద్ది లాభం లేదు, స్విచ్ మార్చేయండి. దాని ధరకు కెపాసిటర్ ధరకు పెద్ద తేడా ఉండదు. పాతది చేతిలో పట్టుకొని వెళ్లి అదే కొలతది తెచ్చుకోండి.

మీరు రాసిన ఒక చిన్న మాట నన్ను పట్టుకుంది: "ఆరు నెలల క్రితం బేరింగులు మార్పించాను." ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పిండిమర మోటారుకు బేరింగులు మార్చాను. పాత బేరింగు వెనక అలల ఆకారంలో ఉండే స్ప్రింగు వాషరు ఒకటి బల్ల మీదే మిగిలిపోయింది. మోటారు బాగానే తిరిగింది కదా అని దాన్ని డబ్బాలో పడేశాను. పది రోజులకు కెపాసిటర్ పేలిందని మర యజమాని వచ్చాడు. కొత్తది వేసి పంపాను. మళ్లీ వచ్చాడు. మూడోసారి మా గురువుగారు ఇప్పి చూసి, నా వైపు చూసి, డబ్బాలోంచి ఆ వాషరు తీసి చేతిలో పెట్టారు. అది లేకపోవడంతో రోటరు రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. తిరిగే బిళ్ల వెనక్కు జారినా కాంటాక్టును పూర్తిగా వదిలేంత దూరం రావడం లేదు. రెండు కెపాసిటర్ల డబ్బు నా జీతంలోంచి పోయింది. మీ మోటారు షాఫ్టును బెల్టు లేకుండా పట్టుకొని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. టకటకమని కొట్టుకునేంత ఆట ఉంటే బేరింగులు మార్చినప్పుడు నాలాంటివాడెవరో పని చేశాడని అనుకోండి.

స్విచ్ బాగుందనుకుందాం. అప్పుడు వోల్టేజి వైపు తిరగాలి. షెడ్డు ఇంటి వెనక 40 మీటర్ల దూరంలో ఉందని, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో లైన్ లాగామని రాశారు. కాస్త లెక్క వేద్దాం. ఆ వైరు నిరోధం కిలోమీటరుకు సుమారు 12 ఓములు. పోను 40, రాను 40, మొత్తం 80 మీటర్లకు దాదాపు ఒక ఓము. మీ మోటారు నడిచేటప్పుడు 10 ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది, అప్పుడు పోయేది 10 వోల్టులే, ఎవరూ పట్టించుకోరు. కానీ బయలుదేరే క్షణంలో ఐదారు రెట్లు తీసుకుంటుంది. 50 ఆంపియర్లు అనుకున్నా వైరులోనే 50 వోల్టులు ఆవిరైపోతాయి. ఇంటి కరెంటు మీటరు దగ్గర 230 ఉంటే మోటారుకు చేరేది 180. బయలుదేరే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 180ని 230తో భాగించి వర్గం చేస్తే 0.61. అంటే మోటారు తన బలంలో 61 శాతంతో, బరువైన కత్తుల రోలరును లాగుతూ లేవాలి. సాయంత్రం ఊళ్లో అందరూ మోటార్లు వేసే వేళ మీటరు దగ్గరే 200 ఉంటే ఇంకా చెప్పనక్కరలేదు. మోటారు మూలుగుతూ నాలుగైదు సెకన్లు లేస్తుంది. స్విచ్ తెరుచుకునే వేగం రాలేదు కాబట్టి అది మూసుకునే ఉంటుంది, తప్పు దానిది కాదు. ఈలోపు కెపాసిటర్ ఉడికిపోతుంది.

వోల్టులు కొలిచే మీటరు పిన్నులు మోటారు టెర్మినళ్ల దగ్గర పట్టించి, ఒకరిని స్విచ్ వేయమని చెప్పి, ముల్లు ఎంతకు పడుతుందో చూడండి. ముల్లున్న పాత మీటరు ఈ పనికి డిజిటల్ కంటే మేలు, పడిపోవడం కళ్లకు కనిపిస్తుంది. వైరు 4 స్క్వేర్ ఎంఎంకు మార్చితే ఆ ఒక ఓము 0.37కు తగ్గుతుంది, 50 వోల్టుల నష్టం 18కి దిగుతుంది. నా అనుభవంలో ఇంటికి దూరంగా షెడ్డు వేసుకున్నవాళ్ల కెపాసిటర్ కథల్లో సగం ఈ వైరు దగ్గరే ముగిశాయి. ఎవరైనా స్టెబిలైజర్ పెట్టమంటే వినకండి. ఇంట్లో వాడే స్టెబిలైజరు ఆ స్టార్టింగ్ కరెంటును మోయలేదు.

ఇక అలవాటు. ఒక పలక చిత్రిక పట్టగానే మిషను కట్టేసి, ఇంకో పలక తెచ్చి మళ్లీ వేసే వడ్రంగులు ఉంటారు. కరెంటు ఆదా అనుకుంటారు. గంటకు నలభై స్టార్టులు అయితే ఏ కెపాసిటరూ బతకదు. పలకలన్నీ పక్కన పేర్చుకొని, ఒకసారి వేసి అన్నీ పట్టేయడం మంచిది. బెల్టు మరీ బిగుతుగా ఉన్నా, రోలరు బేరింగులు పట్టేసినా స్టార్టు ఆలస్యమవుతుంది. బెల్టు లేకుండా సెకనులో లేచి, బెల్టు వేస్తే ఐదు సెకన్లు తీసుకుంటే తప్పు మోటారులో వెతకకండి.

కొన్నిసార్లు కెపాసిటర్ కొత్తదే, అయినా మోటారు "హుమ్" అంటుంది కానీ కదలదు. ప్లగ్గు తీసి, బెల్టు తీసి, పుల్లీని చేత్తో బలంగా ఒక తిప్పు తిప్పి, చెయ్యి పూర్తిగా పక్కకు తీశాక మాత్రమే పక్కనున్న మనిషిని ప్లగ్గు పెట్టి స్విచ్ వేయమనండి. మీరు తిప్పిన వైపే అది పరుగెత్తితే రన్నింగ్ కాయిల్ బాగుంది, స్టార్టింగ్ వైపున ఏదో తెగింది: కెపాసిటర్, స్విచ్, కాయిల్, లేదా వట్టి లగ్గు (వైరు కొసకు నొక్కే లోహపు తొడుగు). బెల్టు ఉండగా, కత్తుల రోలరు దగ్గర ఈ పని చేయవద్దు. మూలిగే మోటారును కూడా నాలుగైదు సెకన్లకు మించి ఉంచకండి, కాయిల్ వార్నిష్ కాలుతుంది. అప్పుడు కెపాసిటర్ ఖర్చు కాస్తా రీవైండింగ్ ఖర్చు అవుతుంది.

రన్నింగ్ కెపాసిటర్‌ను కూడా పరీక్షించమంటాను, ఎవరూ దాన్ని పట్టించుకోరు. అది పోయినా మోటారు లేస్తుంది, తిరుగుతుంది. కానీ బరువు పడితే డీలాపడుతుంది, వేడెక్కుతుంది. విప్పి, చార్జి తీసి, కెపాసిటెన్స్ చూపే మీటరుతో కొలవండి. రాసి ఉన్నదానికంటే పది శాతానికి మించి తగ్గితే మార్చండి. విప్పకుండా చూడాలంటే, ఎలక్ట్రీషియన్ పని అలవాటున్నవాళ్లు మాత్రమే, మోటారు తిరుగుతుండగా దాని మీది వోల్టేజి, దానిలోంచి పోయే కరెంటు కొలుస్తారు. కరెంటును 3183తో గుణించి వోల్టేజితో భాగిస్తే మైక్రోఫారడ్లు వస్తాయి, మన 50 సైకిళ్ల కరెంటుకు ఆ అంకె. ఉదాహరణకు 330 వోల్టులు, 3.7 ఆంపియర్లు అయితే 35.7, మీ 36 బాగున్నట్టే. 2.9 ఆంపియర్లే వస్తే 28, దాని పని అయిపోయింది. లైను 230 అయితే కెపాసిటర్ మీద 330 ఎక్కడిదని కంగారు పడకండి. కాయిల్, కెపాసిటర్ వరుసగా ఉన్నప్పుడు అలాగే వస్తుంది. దాని మీద 440 వోల్టులు అని ముద్రించేది అందుకే.

ఇక 200 మైక్రోఫారడ్ల సంగతి. కాయిల్ చుట్టిన కంపెనీ ఆ చుట్లకు తగిన విలువ లెక్క కట్టి 120–150 అని రాసింది. ఆ రెండు అంకెల మధ్య ఎంత వచ్చినా సరే అని దాని అర్థం. 200 వేస్తే స్టార్టింగ్ కాయిల్‌లో కరెంటు పెరుగుతుంది, స్విచ్ కాంటాక్టుల మీద రవ్వ పెరుగుతుంది, మీ సన్న వైరులో వోల్టేజి ఇంకా పడిపోతుంది. ఒక హద్దు దాటాక రెండు కాయిళ్ల మధ్య సమయం తేడా చెడి, బయలుదేరే బలం పెరగడానికి బదులు తగ్గుతుంది కూడా. రన్నింగ్ దానికైతే విలువ అసలు పెంచకండి, రాసి ఉన్నదే వేయండి. 36 దొరక్కపోతే 25, 10 పక్కపక్కన కలిపితే 35, అది సరిపోతుంది. వోల్టేజి విషయంలో మాత్రం పైకి వెళ్లవచ్చు, కిందికి దిగకూడదు. రన్నింగ్ స్థానంలో నల్ల డబ్బా పెట్టడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, కొద్ది నిమిషాల్లో పేలుతుంది. ఒక కుర్రాడు పాత ఇన్వర్టరులోంచి తీసిన 450 వోల్టుల కెపాసిటర్ తెచ్చి, "వోల్టులు ఎక్కువే కదా" అని మోటారుకు కట్టాడు. అది డీసీది, ఒక వైపు ప్లస్సు ఉంటుంది. రేకుల ముక్కలు ఇంటి కప్పుకు అంటుకున్నాయి. కుర్రాడు అదృష్టవంతుడు, కాస్త పక్కకు జరిగి ఉన్నాడు.

కొనేటప్పుడు డబ్బా మీద ఏసీ అని, 50 సైకిళ్లు అని ఉందో లేదో చూడండి. మన దేశంలో మోటారు కెపాసిటర్లకు ఐఎస్ 2993 ప్రమాణం ఉంది, ఆ అంకె ముద్రించి ఉంటే మంచిది. రన్నింగ్ వాటి మీద 25/85/21 లాంటి వరుస కనిపిస్తే, మొదటిది ఎంత చలికి, రెండోది ఎంత వేడికి తట్టుకుంటుందో చెప్పే అంకె. మన రేకుల షెడ్లకు 70 కంటే 85 ఉన్నదే తీసుకోండి.

బిగించే పని చిన్నదే. విప్పకముందు వైర్ల ఫోటో తీసుకోండి. వైరు మెలిపెట్టి టేపు చుట్టకండి, లగ్గు నొక్కి వేయండి. మిషను అదురుకు మెలిక వదులై, వేడెక్కి, కొత్త కెపాసిటర్ టెర్మినల్ కాలుతుంది. అల్యూమినియం డబ్బా పైన వేలు దూరేంత ఖాళీ వదలండి. చాలా వాటిలో లోపల ఒత్తిడి పెరిగితే డబ్బా సాగి, తనలోని తీగను తానే తెంపుకొనే ఏర్పాటు ఉంటుంది. మూత బిగుతుగా వేస్తే అది సాగలేదు. నల్ల డబ్బాకు ఒక కొసన రబ్బరు బిరడా ఉంటుంది, అది గోడకు ఆనకూడదు. రెండు టెర్మినళ్ల మధ్య 15 కిలోఓముల, 2 వాట్ల రెసిస్టరు ఒకటి అతికించండి. మోటారు ఆగేటప్పుడు నిండుగా ఉన్న కెపాసిటర్ మీద స్విచ్ మూసుకొని కాంటాక్టులు అతుక్కోవడం దానితో చాలా తగ్గుతుంది. మీ పాత డబ్బాలో అలాంటిది ఉండి, కొత్తదానికి వేయకుండా వదిలేశారేమో కూడా చూడండి.

ఈ ఆదివారం తీరికగా మూడు సంగతులు చూసి రాయండి: ఆగేటప్పుడు టక్కు వినిపించిందా, స్టార్టు వేళ మోటారు దగ్గర వోల్టేజి ఎంతకు పడింది, షాఫ్టు ముందుకూ వెనక్కూ ఎంత ఆడుతోంది. నా అనుమానం వైరు మీద సగం, ఆ బేరింగు మార్పిడి మీద సగం ఉంది. అప్పటిదాకా 120–150ది ఒక్కటే కొనండి. ముందు జాగ్రత్తగా రెండు కొనిపెడదామని అనుకోకండి, నల్ల డబ్బా వాడకుండా అలమరాలో ఉన్నా లోపల ముసలిదవుతూనే ఉంటుంది.